పులిపిరి విజయం

శ్రీమత్సకలచర్మసామ్రాజ్యంలో కంఠసీమను కాపురముండి, గొలుసు తగిలినప్పుడల్లా చురుక్కుమని, అద్దం చూసినప్పుడల్లా ఎదురుపడి, ఊడిరాక, ఊరుకోక, సన్నని కాడ మీద వేలాడే ఓ పులిపిరీ! నీకు జయము. నీ కథ చెప్పడానికి పూనుకున్నాను. విఘ్నాలు తప్పవని తెలుసు. ఇన్సూరెన్సు కంపెనీ ఉన్న కథలో విఘ్నేశ్వరుడు సైతం ముందు అప్రూవల్ తెచ్చుకుని రావలసిందే.

పుట్టుమచ్చకు కవుల దగ్గర మొదటినుంచీ పలుకుబడి ఉంది. చెక్కిలి మీద ఉంటే చంద్రుడిలో మచ్చ అన్నారు, పెదవి పక్కన ఉంటే తేనెకు దిగిన తుమ్మెద అన్నారు. పక్కింట్లోనే పుట్టిన పులిపిరికి మాత్రం ఒక్క ఉత్ప్రేక్ష దక్కలేదు. దాని రాత అంతా గుర్రపు తోక వెంట్రుకా, సున్నమూ. ఈ అన్యాయాన్ని సరిదిద్దినవాళ్ళు అమెరికన్ మెడికల్ అసోసియేషన్ వాళ్ళు. 1966లో తొలికూర్పు వెలువడి, అప్పటినుంచి పెరుగుతూ వచ్చిన సీపీటీ అనే మహాగ్రంథంలో, గుండె ఆపరేషన్లూ మెదడు ఆపరేషన్లూ కొలువుదీరిన సభలో, పులిపిరికి కూడా సొంత ఆసనం వేశారు. దాని అంకె 11200.

ఆ అంకె కింద ఉన్న నిర్వచనం చదివితే మన అవ్వలకు దండం పెట్టాలనిపిస్తుంది. కత్తెరతో కత్తిరించినా, మరో పదునైన పనిముట్టుతో కోసినా, కరెంటుతో మాడ్చినా, మొదట్లో ముడి బిగించి రక్తం అందకుండా చేసి రాల్చినా, అన్నీ 11200 కిందికే వస్తాయి. మత్తు సూది ఇచ్చినా ఒకటే, ఇవ్వకపోయినా ఒకటే. జట్కా గుర్రం తోకలోంచి వెంట్రుక లాగి, పిల్లవాడి మెడ మీద ముడేసి, "మూడ్రోజులు గిల్లకురోయ్" అని పంపేసిన ప్రతి అవ్వా ఆ గ్రంథం ఒప్పుకునే పద్ధతినే పాటించింది. చార్టు రాయలేదు, అంతే తేడా. ఈ కావ్యలోకంలో మాత్రం అది పెద్ద తేడా. ఇక్కడి మొదటి శాసనం: రాయనిది చేయనట్టే.

ప్రబంధమన్నాక పద్దెనిమిది వర్ణనలు ఉండాలని లాక్షణికులు పట్టీ వేశారు. నగరం, సముద్రం, కొండ, రుతువులు, చంద్రోదయం, సూర్యోదయం, ఉద్యానం, జలక్రీడ, అలా యుద్ధం, నాయకాభ్యుదయం దాకా. అన్నీ నా వల్ల కాదు. మధుపానానికి ఆఫీసు రూల్సు ఒప్పుకోవు. సముద్రాలు కథకు అవసరమైనదాని కంటే ఎక్కువే ఉన్నాయి, ఎందుకంటే పులిపిరి అమెరికాలో ఒహాయో రాష్ట్రంలో ఉంది, దానికి అంకె వేసే అమ్మాయి హైదరాబాదులో ఉంది. నగరం మాత్రం వదలను.

అహో అమీర్‌పేట! రెండు మెట్రో దారులు ఒకదాని నెత్తిన ఒకటిగా దాటే చోటు. తెల్లారితే ఇడ్లీ బండ్ల ఆవిరి, పొద్దుగూకితే కోచింగ్ సెంటర్ల మెట్ల మీద చెప్పుల గుట్టలు. ఏ అంతస్తు చూసినా బోర్డు, ఏ కరెంటు స్తంభం చూసినా కరపత్రం. జావా నేర్పే గదికి గోడ అవతల "మెడికల్ కోడింగ్, కొత్త బ్యాచ్ సోమవారం" అని కాగితం. బీఫార్మసీ, మైక్రోబయాలజీ, ఫిజియోథెరపీ, నర్సింగ్ చదివిన పిల్లలు జిల్లాల నుంచి వచ్చి హాస్టల్ గదుల్లో చేరి, ఎన్నడూ చూడని దేశంలో ఎన్నడూ చూడని ఒంటి మీది సమస్త రోగాలకూ అంకెలు నేర్చుకునే పుణ్యక్షేత్రం అది. ఇక్కడి తపస్సుకు ఫలం సీపీసీ అనే సర్టిఫికెట్. దాని పరీక్ష నాలుగు గంటలు, వంద ప్రశ్నలు, డెబ్భై శాతం వస్తే మోక్షం. కోడ్ పుస్తకాలు ఎదురుగా తెరిచి పెట్టుకునే రాయవచ్చు. పుస్తకం చూసి రాసే పరీక్షలో కూడా ఫెయిలయ్యేవాళ్ళు ఉన్నారంటే ఆ పుస్తకాలు ఎలాంటివో ఊహించుకోండి.

వాటి వంశం కూడా రెండు మాటల్లో చెప్పాలి, కావ్యమర్యాద. అమ్మాయి చేతిలో రెండు మహాస్త్రాలు. చేసిన పనికి అంకె ఇచ్చేది సీపీటీ. ఎందుకు చేశారో ఆ రోగానికి అంకె ఇచ్చేది ఐసీడీ. ఈ రెండోదాని మూలపురుషుడు బెర్టియాన్ అనే ఫ్రెంచి గణాంకవేత్త. మరణకారణాల జాబితా ఒకటి తయారుచేసి 1893లో షికాగోలో ప్రవేశపెట్టాడు. అదే ఏడు అదే ఊళ్ళో వివేకానందుడు మాట్లాడిన సంగతి మనందరికీ తెలుసు. బెర్టియాన్ సంగతి అమీర్‌పేటకు మాత్రమే తెలుసు. చావులను లెక్కపెట్టడానికి పుట్టిన ఆ జాబితా తరతరాలకూ లావెక్కి, 2015 అక్టోబరు 1న పదో తరం అమెరికాలో పట్టాభిషిక్తమయ్యేనాటికి సుమారు డెబ్భై వేల అంకెల సంతానం. బాతు కొడితే డబ్ల్యూ61.62. విమానం ఇంజను లోపలికి లాగేసినా బతికి, రెండో విడత వైద్యానికి నడిచొచ్చిన మహానుభావుడికి వీ97.33ఎక్స్‌డీ. ఇంతమందిలో మన పులిపిరి ఎల్91.8 దగ్గర, అదీ 'ఇతరములు' అన్న గుంపులో, తలవంచుకుని నిలబడి ఉంటుంది. శస్త్రకాండలో సింహాసనం, రోగకాండలో చాప.

ఇక నాయిక. పేరు చెప్పను. 1996 నాటి హిపా చట్టం రోగి పేరు బయట పెట్టొద్దంటుంది; నేను ఒకడుగు ముందుకేసి కోడర్ పేరు కూడా దాచేస్తున్నాను. ఊరు విజయనగరం వైపు, చదువు మైక్రోబయాలజీ, వాసం మాదాపూర్ హాస్టల్లో ముగ్గురి గది. ఆయుధాలు రెండు మానిటర్లు. ఫోను లాకర్లో. బల్ల మీద కాగితం ఉండకూడదు, పెన్ను ఉండకూడదు, చివరికి ఇంటినుంచి తెచ్చుకున్న క్యాలెండరు కూడా ఉండకూడదు. కర్ణుడు కవచకుండలాలు ఒలిచిచ్చి యుద్ధానికి వెళ్ళాడంటారు. ఇక్కడ ప్రతి ఉదయం బ్యాడ్జి తాకించి లోపలికి పోయే ముందు అందరూ అదే పని చేస్తారు.

ఉదయం అన్నాను. చాలామంది కాల్‌సెంటర్ లాగా రాత్రి ఉద్యోగం అనుకుంటారు. కోడర్‌కు డాక్టరుతో ముఖాముఖి పని లేదు, చార్టు ఎప్పుడు చదివినా అదే చార్టు, అందుకని చాలాచోట్ల పగటి షిఫ్టే. అమెరికా పగలంతా మేలుకుని ఇన్సూరెన్సు కంపెనీలకు ఫోన్లు చేసేవాళ్ళు వేరే, వాళ్ళు ఏఆర్ కాలర్లు. చంద్రోదయవర్ణన న్యాయంగా వాళ్ళకు చెందాలి. ఈ కావ్యంలో వాళ్ళు ఆఖరి ఆశ్వాసంలో వస్తారు.

ఇప్పుడు చార్టు. అరవై ఎనిమిదేళ్ళ పెద్దావిడ, ఇన్సూరెన్సు అమెరికా ప్రభుత్వపు మెడికేర్. చర్మవైద్యుడి నోటు ఆరు వాక్యాలు. మెడ మీదా చంకల్లోనూ చాలా స్కిన్ ట్యాగులు (అంటే మన పులిపిర్లే) ఉన్నాయి. కత్తెరతో తీసేశాను. వీపు మీద 0.8 సెంటీమీటర్ల నల్లమచ్చ ఉంది. రెండు పక్కలా 0.2 మార్జిన్‌తో కోసి తీసి పాథాలజీకి పంపాను. మామూలు కుట్లు వేశాను. పేషెంట్ ప్రొసీజర్‌ను చక్కగా తట్టుకుంది. ఈ చివరి వాక్యం ప్రతి చార్టులోనూ ఉంటుంది. కోడర్ తట్టుకుందా అని మాత్రం ఎవరూ రాయరు.

'చాలా' దగ్గర అమ్మాయి కర్సర్ ఆగిపోయింది.

ఎందుకాగిందో చెప్పాలంటే చర్మలోకపు సరిహద్దు తగాదాలు చెప్పాలి. 11200 ఒక్క పులిపిరి తీసినా అదే, పదిహేను తీసినా అదే. రెండోది మొదలు పదిహేనోదాని వరకు పద్నాలుగు పులిపిరులు కూలి లేని సైనికులు; కత్తెర దెబ్బకు నేలకొరిగినా లెక్కలో పైసా పెరగదు. పదహారోది వచ్చిందా, కథ మారింది. 11201 అనే కొత్త అంకె కవాతు చేస్తూ వస్తుంది. తరవాతి ప్రతి పదికీ, లేదా పదిలో ఎంత భాగానికైనా, ఒకసారి. అంటే పదహారోది ఒంటరిగా ఉన్నా పది మంది పెట్టు. వెంట్రుకవాసి మందాన, మినపగింజంత పరిమాణాన ఉన్న ఆ ఒక్క కండపోగు, తన ముందు రాలిపోయిన పద్నాలుగు మందికీ దక్కని రాజలాంఛనాన్ని ఒక్కతే అందుకుంటుంది. ఆ వైభవం అనుభవించినవి మళ్ళీ ఇరవై ఆరోది, ముప్ఫై ఆరోది. ఇరవై ఐదోదాని విషాదం ఏ కవీ రాయలేదు.

పక్క రాజ్యాల్లో గీత మరో చోట. వైరస్ వల్ల వచ్చే పులిపిర్లను మాడ్చేస్తే 17110, అది పద్నాలుగుతో సరి, పదిహేనుకు 17111. ఎండకు గరుకెక్కిన చర్మపు మచ్చలది ఇంకో రాజనీతి. మొదటిదానికి 17000. రెండు నుంచి పద్నాలుగు దాకా తలకో 17003. పదిహేనోది గుమ్మంలో అడుగుపెట్టిందంటే ఇంతవరకూ రాసిన పేర్లన్నీ కొట్టేసి మొత్తం సేనకు కలిపి 17004 అని ఒకే ఒక అంకె. పులిపిరికి పదిహేను, దాని దాయాదికి పద్నాలుగు. ఆ ఒక్కటి ఎక్కడ పడిపోయిందని అడిగితే కోచింగ్ సెంటర్ సారు "గుర్తుపెట్టుకోండమ్మా, అంతే" అంటాడు. శాస్త్రంలో ఇంతకంటే నిజాయితీగల జవాబు నేను వినలేదు.

కాబట్టి 'చాలా' అంటే ఎన్ని? అమ్మాయి లేచి టీమ్ లీడ్ దగ్గరికి వెళ్ళింది.

"అక్కా, ట్యాగ్స్ ఎన్నో వెయ్యలేదు. చాలా అని రాశాడు."

"కింద డయాగ్రమ్ ఉందా?"

"బొమ్మ ఉంది. చుక్కలు పెట్టాడు. చుక్కల మీద చుక్కలు. నాకు పద్దెనిమిది లాగా కనిపిస్తున్నాయి."

"నీకు కనిపిస్తే సరిపోదమ్మా. ఆయన రాయాలి. ఇప్పుడు కొడితే ఒన్ ఒన్ టూ డబుల్ జీరో ఒక్కటే. ఎక్కువ కావాలంటే క్వెరీ పెట్టు."

"క్వెరీలో పదిహేను దాటాయా అని అడగనా?"

"అమ్మో, అలా అడిగితే లీడింగ్ అంటారు. ఆడిట్‌లో నీకూ నాకూ కలిపి పడుద్ది. 'దయచేసి సంఖ్య తెలపండి' అని మాత్రం అడుగు."

ఇది మంత్రవర్ణన, అంటే మంత్రాంగం. ప్రబంధాల్లో రాజు మంత్రుల్ని పిలిచి సంధి చేద్దామా, సమరం చేద్దామా అని తర్జనభర్జన పడే ఘట్టం. ఇక్కడి మంత్రాంగం సారం: తెలిసినదాన్ని కూడా తెలియనట్టు అడగాలి. విదురుడికి కూడా ఇంత కట్టడి లేదు. క్వెరీ రెండు సముద్రాలు దాటి పోయింది. అటు డాక్టరు ఆ రోజు చూసిన రోగులందరి నోట్లూ ముగించి ఇంటికి పోయి ఉంటాడు. పాపం ఆయనదీ మామూలు యాతన కాదు. కత్తెర పట్టుకుని పులిపిర్లు తీసే పని కొద్ది నిమిషాలది. కీబోర్డు పట్టుకుని వాటి చరిత్ర రాసే పని భోజనం చల్లారేదాకా సాగుతుంది. అందుకే ఆయన నోటులో సగం రెడీమేడ్ వాక్యాలు, ఒక్క మీట నొక్కితే పేరాలు పేరాలు. అలాంటి మీటల పుణ్యాన నిరుడు తీసేసిన ముక్కు మీది మచ్చను ఈ ఏడు మళ్ళీ తీసినట్టు చదివే భాగ్యం కూడా కోడర్లకు కలుగుతూ ఉంటుంది.

జవాబు వచ్చేలోపు అమ్మాయి నల్లమచ్చ మీద పడింది. ఇది మాత్రం కొలతల పర్వం, దీన్ని తాపీగా చెప్పాలి.

హానిలేని గడ్డను కోసి తీస్తే, వీపూ చేతులూ కాళ్ళ మీద 11400 నుంచి అంకెలు. అర సెంటీమీటరు దాకా 11400. 0.6 నుంచి 1.0 దాకా 11401. 1.1 నుంచి 2.0 దాకా 11402. అలా 11404 దాకా వచ్చి, 11405ను గెంతి, నాలుగు సెంటీమీటర్లు దాటితే 11406. మధ్యలో 11405 ఏమైందో ఎవరికీ పట్టదు. చుట్టాల పెళ్ళిలో కనిపించని బాబాయి గురించి అడగకూడదన్నట్టు అందరూ దాటుకుపోతారు. అదే మచ్చ ఇంకొంచెం పైకి జరిగి మెడ మీద పుట్టి ఉంటే 11422 అయ్యేది. మరీ ధైర్యం చేసి ముఖం ఎక్కితే 11442. ఒకే మచ్చకు ఊరు మారితే హోదా మారుతుంది.

కొలిచేది మచ్చను మాత్రమే కాదు. మచ్చ అడ్డుకొలతకు రెండు పక్కలా వదిలిన మంచి చర్మపు అంచును కూడా కలపాలి. 0.8కి అటు 0.2, ఇటు 0.2. మొత్తం 1.2. కాబట్టి 11402. డాక్టరు అంచు సంగతి రాయడం మరిచి ఉంటే మిగిలేది 0.8, అంటే 11401. రెండు మిల్లీమీటర్ల చొప్పున రెండు పక్కలా ఆయన కత్తి తిరిగిన తోవ కాగితం మీదికి రాకపోతే, ఆ కత్తి తిరగనట్టే.

ఇంతలో పాథాలజీ రిపోర్టు వస్తుంది. అందులో ముక్క పరిమాణం ఒక సెంటీమీటరు అని ఉంటుంది. 1.2 ఎక్కడ, 1.0 ఎక్కడ? మోసమా? కాదు. ఒంటి నుంచి వేరైన చర్మం ఆ క్షణమే ముడుచుకుంటుంది, ఫార్మలిన్ సీసాలో పడ్డాక ఇంకా కుంచించుకుపోతుంది. బతికి ఉన్నప్పుడు వీపు మీద దర్జాగా పరుచుకున్న మచ్చ సీసాలో చలికి ముడుచుకున్న ప్రవాసి. అందుకే కోయకముందు కొలిచిన కొలతే ప్రమాణం. డాక్టరు ముందు కొలవకుండా కోసి ఉంటే, సీసాలో ముడుచుకున్నదాని కొలతతోనే సరిపెట్టుకోవాలి, ఆ నష్టం ఆయనదే. క్యూఏ ఆడిటర్లు కొత్త పిల్లల్ని పట్టుకునేది సరిగ్గా ఈ మలుపులోనే. పాథాలజీ రిపోర్టులో అంకె పెద్దగా, స్పష్టంగా, టైపు చేసి ఉంటుంది. డాక్టరు నోటులో అంకె మధ్య వాక్యంలో దాక్కుని ఉంటుంది. కంటికి ఇంపైనదాని వైపు వేలు పోతుంది.

పాథాలజీ అన్నాను కనుక విప్రలంభ శృంగారం కూడా చెప్పుకోవాలి. కోసి తీసిన మచ్చ మంచిదా చెడ్డదా తేలేదాకా కోడర్ దానికి అంకె వేయకూడదు. మంచిదైతే 114 వంశం, క్యాన్సరైతే 116 వంశం, ఇంటిపేరే మారిపోతుంది. ఆ ఎడబాటు రోజుల్లో చార్టు హోల్డ్ అనే చెరలో ఉంటుంది. ఆగలేని కొత్త కోడర్ 'ఇంకా తెలియదు కదా' అని డి48.5 వేసేస్తుంది. డి48.5 అంటే 'స్వభావం అనిశ్చితం'. ఆ అనిశ్చితి మన అనిశ్చితి కాదు. మైక్రోస్కోపు కింద చూసిన పాథాలజిస్టు కూడా ఇది అటో ఇటో తేలడం లేదని సంతకం పెట్టి చెప్పే అనిశ్చితి. ఇంకా రిపోర్టు రాక మనకు తెలియకపోతే దానికి డి49.2 వేరే ఉంది. తెలియకపోవడంలోనూ పండితుల తెలియకపోవడం, మన తెలియకపోవడం వేరువేరని ఇంత స్పష్టంగా చెప్పిన శాస్త్రం మరొకటి ఉందేమో నాకైతే కనిపించలేదు. ఈ చార్టుకు అదృష్టం బాగుంది. రిపోర్టు సాధారణ పుట్టుమచ్చ అంది. వీపు కనుక డి22.5. పెద్దావిడ ఆ రోజు నిద్రపోయి ఉంటుంది.

మూడో రోజు డాక్టరు జవాబు వచ్చింది. తేదీ, సంతకంతో చార్టు కింద ఒక అడెండమ్: "మొత్తం పద్దెనిమిది." ట్రేలో పడ్డవాటిని మెడికల్ అసిస్టెంట్ లెక్కపెట్టిందట. బొమ్మలో అమ్మాయికి కనిపించిన చుక్కలూ అన్నే. ఆ సంగతి తలచుకుని గర్వించడానికి సాఫ్ట్‌వేర్‌లో కాలమ్ లేదు. 11200 ఒకటి, 11201 ఒకటి.

ఇక్కడితో అయిపోలేదు. డాక్టరు మచ్చ, పులిపిర్ల కోతలతో పాటు ఆఫీసు విజిట్‌కు కూడా డబ్బు అడిగాడు, దానికి 25 అనే మోడిఫయర్ తగిలించి. మోడిఫయర్ అంటే అంకె తలమీది తురాయి. 25 తురాయి పెట్టుకుంటే 'ఈ పరీక్ష ఆ కోత కంటే విడిగా, గణనీయంగా జరిగింది' అని అర్థం. అమ్మాయి నోటు మళ్ళీ చదివింది. మచ్చ ఉంది, కోసి తీశాను అని తప్ప ఇంకేమీ లేదు. చిన్న ప్రొసీజర్లకు తీయాలా వద్దా అన్న నిర్ణయం కోత కూలిలోనే కలిసిపోతుంది. అదే రోజు పెద్దావిడ చేతి మీద తామర చూసి మందు రాసి ఉంటే న్యాయంగా దక్కేది. లేదు. తురాయి తీసేసింది, విజిట్ తీసేసింది. ఇరవై ఐదేళ్ళు కూడా నిండని అమ్మాయి, ముప్ఫై ఏళ్ళ అనుభవమున్న వైద్యుడి బిల్లులో గీత కొట్టి, "టీ తాగొద్దామా" అని పక్క సీటు అమ్మాయిని పిలిచింది. ఇంత నిశ్శబ్దంగా జరిగిన ద్వంద్వయుద్ధం ఏ పురాణంలోనూ లేదు.

మచ్చా పులిపిర్లూ ఒకే రోజు, ఒకే ఒంటి మీద తీశారు కదా, ఒకదాన్ని ఇంకోదాంట్లో కలిపేయకూడదా అని అడిగే పట్టిక ఒకటి 1996 నుంచి మెడికేర్ కొలువులో ఉంది, ఎన్‌సీసీఐ అని. వేరే చోటు, వేరే గడ్డ అని చెప్పుకోవడానికి 59 మోడిఫయర్. పట్టికలో జంటగా ఉన్న రెండు అంకెల్లో ఒకదాని తలన ఆ తురాయి. అది పెట్టడానికి చార్టులో మెడ, చంక, వీపు అని విడివిడిగా రాసి ఉండాలి. ఉంది.

పిమ్మట దూత్యం. సీఎమ్ఎస్-1500 అనే ఫారం బయలుదేరింది. రోగాల గడిలో పన్నెండు పేర్లకు చోటు. చేసిన పనులకు ఆరు వరుసలు. ఏ పని ఏ రోగం కోసమో చిన్న అక్షరంతో గీత కలపాలి. మచ్చ కోతకు డి22.5, పులిపిరి కత్తిరింపుకు ఎల్91.8. ఈ గీతలు అటూ ఇటూ తారుమారైతే పుట్టుమచ్చ పేర చంకలు గొరిగినట్టవుతుంది. ఇవాళారేపు ఫారం కాగితంగా వెళ్ళేది తక్కువ, మెరుపులా వెళ్తుంది. రుతువర్ణనకు నాలుగు వారాలు దొరికాయి.

తరువాత ఆజి, అంటే యుద్ధం. అవతలి సేన బాణం: మచ్చకు డబ్బు ఇచ్చాం, పులిపిర్లకు ఇవ్వం. కారణం సీఓ-50, వైద్యపరంగా అవసరం కాదు. మెడికేర్ చట్టం అందం కోసం చేసే శస్త్రచికిత్సకు డబ్బివ్వదు. పులిపిరి ప్రాణం తీయదు. అది అందానికి అడ్డమా, ఆరోగ్యానికి అడ్డమా అని తేల్చేది పులిపిరి కాదు, దాని పక్కన నిలబడ్డ విశేషణం. రక్తం కారింది, దురద పెట్టింది, మంట పుట్టింది, బట్ట తగిలి పుండు పడింది. వీటిలో ఏదో ఒకటి చార్టులో ఉంటే అది రోగి. లేకపోతే అది అలంకారం. వయసుతో ఒంటి మీద అతికించినట్టు వచ్చే మరో గోధుమరంగు మచ్చకైతే ఈ తేడాకు ఏకంగా రెండు అంకెలున్నాయి. వాపు ఉంటే ఎల్82.0, లేకపోతే ఎల్82.1. మొదటిదానికి అన్నం పెడతారు, రెండోదాన్ని వీధిలో నిలబెడతారు.

ఇప్పుడు చంద్రోదయం. రాత్రి ఎనిమిదిన్నరకు గచ్చిబౌలిలో హెడ్‌సెట్ పెట్టుకున్న ఏఆర్ కాలర్, మెడికేర్ కాంట్రాక్టరు లైనులో సంగీతం వింటూ కూర్చున్నాడు. అది అరగంట సేపు ఒకే పల్లవి, చరణం రాదు. చివరికి మనిషి పలికాడు. డాక్టరు నోటులో ట్యాగులున్నాయనే ఉంది, ఫిర్యాదు లేదు అన్నాడు. కాలర్ చార్టును వెనక్కి పంపాడు. మరునాడు పొద్దున అమ్మాయి మళ్ళీ ఆరు వాక్యాలూ చదివి, ఎవరూ తెరవని పక్క పేజీ తెరిచింది. డాక్టరు గదిలోకి రాకముందు నర్సు నాలుగు ముక్కలు గీకే పేజీ అది. "మెడ గొలుసు తగిలి తరచు రక్తం వస్తోందని, ఒకటి మంట పెడుతోందని పేషెంట్ చెప్పారు." డాక్టరు దాని కింద చూశానని సంతకం పెట్టి ఉన్నాడు.

సీఓ-50ను గెలవడానికి మెడికేర్‌లో ఐదు కోటలు ఎక్కవచ్చు. మొదటిది పునఃపరిశీలన, దానికి 120 రోజుల గడువు. రెండోది ఇంకో స్వతంత్ర సంస్థ. మూడోది న్యాయమూర్తి ఎదుట విచారణ, నాలుగోది అప్పీళ్ళ మండలి, ఐదోది ఏకంగా ఫెడరల్ జిల్లా కోర్టు. మెడ మీద పులిపిరి కోసం అమెరికా సంయుక్త రాష్ట్రాల న్యాయపీఠం దాకా వెళ్ళే రాజమార్గం ఉన్నది. కాకపోతే మూడో కోటకూ ఐదో కోటకూ వివాదం విలువ కనీసం ఇంత ఉండాలని గడప కట్టారు. పద్దెనిమిది పులిపిర్లు కలిసి వెళ్ళినా ఆ గడప అందుకోలేవు. వాటి రథం రెండో కోట దాటదు.

అంతదూరం పోనక్కరలేకపోయింది. నర్సు పేజీ, అడెండమ్, ఒక ఉత్తరం జతచేసి మొదటి కోట దగ్గరే అప్పీలు పెట్టారు. డబ్బు వచ్చింది. మెడికేర్ వంతు ఎనభై శాతం. మిగతా ఇరవై పెద్దావిడ కట్టాలని బిల్లు ఒహాయోలో ఆవిడ ఇంటికి పోస్టులో వెళ్ళింది. నాయకాభ్యుదయం ఇదే. అమ్మాయికి ఆ నెల క్వాలిటీ స్కోరు 98 అని టీమ్ లీడ్ చెప్పింది, ప్రొడక్షన్ మాత్రం తగ్గిందని కూడా చెప్పింది. ఈ ఒక్క చార్టు మీద పెట్టిన సమయంలో మామూలు చార్టులు డజను వెళ్ళిపోయేవట.

ఖాతాలో ఆఖరి నోటు ఏఆర్ కాలర్ రాసినది. పేషెంట్ క్లినిక్‌కు ఫోన్ చేశారు. బిల్లులో పద్దెనిమిది అని ఉంది, తనవి పదిహేడే, తీయించుకోవడానికి వెళ్ళే ముందు అద్దంలో చూసుకుని లెక్కపెట్టుకున్నానని చెప్పారు. పదహారు నుంచి ఇరవై ఐదు దాకా కోడ్ ఒకటేనని, మొత్తంలో మార్పు ఉండదని వివరించాం. పేషెంట్ ఒప్పుకోలేదు. ఆ ఒక్కటీ ఎవరిదో కనుక్కోమన్నారు.